తీయకండి, ఇంకా రాస్తోంది

బస్‌స్టేషన్‌లో అందరూ ఆమెను అనౌన్సరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతం బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఇంట్లో మొగుడు "మైకూ" అంటాడు. పెళ్ళయిన కొత్తలో వెక్కిరింతకు మొదలుపెట్టిన పిలుపు అది, తర్వాత అదే ముద్దుపేరయి కూర్చుంది. ఆవిడ గొంతు అలాంటిది మరి. వర్క్‌షాపులో రేకు మీద సుత్తి మోగుతున్నా, నాలుగు బండ్లు ఒకేసారి ఇంజన్లు రేపుతున్నా, "రేవు దారిన వెళ్ళే బండి రెండో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అని ఆవిడ అందంటే ఒక్క అక్షరం కూడా జారిపోకుండా వినపడుతుంది. అరుపు కాదది. అరిచేవాళ్ళు ఆ స్టేషన్లో చాలామంది ఉన్నారు, వాళ్ళు ఏమంటున్నారో ఎవరికీ అర్థం కాదు.

ఆవిడ కూర్చునే గది మేడ మీద ఉంది. వర్క్‌షాపు వైపు నుంచి ఇనుప మెట్లెక్కి, బీరువాకీ గోడకీ మధ్య పక్కకి తిరిగి దూరితే అదే గది. ఒక బల్ల, ఒక మైకు, ఒక కిటికీ. కిటికీలోంచి ప్లాట్‌ఫారాలు, బండ్ల నెత్తులు కనిపిస్తాయి. ప్రయాణికులు కూర్చునే హాలు మాత్రం కనిపించదు, అది సరిగ్గా ఆవిడ కాళ్ళ కింద ఉంటుంది. హాల్లోకి దిగే చెక్కమెట్లు ఇంకో పక్కన ఉన్నాయి గానీ, మోకాళ్ళ నొప్పి వచ్చాక ఆవిడ అటు వెళ్ళడం మానేసింది.

మొగుడు అదే డిపో వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా ఇంజన్ల కింద పడుకుని బోల్టులు బాది బాది రెండు చెవులూ పాడుచేసుకున్నాడు. చెవి మిషను కొనిపెడితే అందులో హోరు తప్ప ఏమీ వినపడటం లేదని డబ్బాలో పెట్టి మూసేశాడు. కూతురు ఫోన్ చేస్తే ఫోను పెళ్ళాం చేతికిస్తాడు. పక్కింటాయన ఏమడిగినా "బాగానే ఉన్నా" అంటాడు. ఆయనకు తిన్నగా వినపడే మనిషి గొంతు లోకంలో ఒక్కటే ఉంది, అది పెళ్ళాంది. ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే పెరట్లో ఉన్న మనిషి పలుకుతాడు.

ఆవిడకో అలవాటుంది. ఈ గొడవంతా దాని వల్లే వచ్చింది కాబట్టి ముందే చెప్పేస్తాను. వెనకెప్పుడో ఒకసారి మైకు ఆపడం మరిచిపోయి, క్యాంటీన్ అక్కతో మొగుడి మీద మొర పెట్టుకుంది. స్నానం చేసొచ్చి తడి తువ్వాలు పరుపు మీద పారేస్తాడనీ, చెప్పీ చెప్పీ తన నోరు పడిపోతోందనీ, రాత్రి ఆ చెమ్మలో పడుకునేది తనేననీ విడమర్చి చెప్పింది. ప్లాట్‌ఫారాలన్నీ విన్నాయి. కండక్టర్లు టికెట్లు కొట్టడం ఆపి మరీ విన్నారు. ఆ రోజు నుంచి వర్క్‌షాపులో ఆయన పేరు తువ్వాలు. సాయంత్రం ఇంటికొచ్చి, "స్టేషనంతా విందట. నేను ఇంజన్ కిందున్నా, నేనొక్కణ్ణే వినలేదు. ఏమన్నావేంటి?" అని అడిగాడు. ఆవిడకు తల కొట్టేసినట్టయి, చెప్పలేదు.

అప్పటి నుంచీ మాట ఆఖరి అక్షరం నోరు దాటీ దాటకముందే చెయ్యి స్విచ్చి మీదికి పోతుంది. స్విచ్చి ఒక్కదాని మీద నమ్మకం లేక, వెంటనే మైకు పిన్ను కూడా పీకి బల్ల మీద పెడుతుంది. పని అయిందా, పీకెయ్యి. అది ఆలోచించి చేసే పని కాదు, కంట్లో దుమ్ము పడితే రెప్ప మూసుకున్నట్టు దానంతటదే జరిగిపోతుంది.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోవడం మొదలైంది. మొదట జలుబనుకుంది. వేన్నీళ్ళు పుక్కిలించింది, మిరియాలు నమిలింది. చివరికి డాక్టరమ్మ గొంతులోకి గొట్టం దింపి చూసి, గొంతు తీగల మీద చిన్న గడ్డ ఉంది, తీసెయ్యాలి అంది.

"తీసేస్తే గొంతు మామూలుగా వస్తుందా అమ్మా?" అని అడిగిందావిడ.

"రావచ్చు. మారిపోవచ్చు. సన్నగా గాలిలాగా మిగలొచ్చు. ఇప్పుడే చెప్పలేను. ఆపరేషన్ దాకా మాత్రం వీలైనంత తక్కువ మాట్లాడండి" అంది డాక్టరమ్మ.

ఉద్యోగం సంగతి తర్వాత. ఆవిడకు తట్టిన మొదటి మాట, ఇంక ఆయనకు ఏం వినపడుతుంది, అని. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం అని ఊరుకుంది.

మేనేజరు గారు మంచివాడే. విషయం తెలిసి, "అమ్మా, మీ గొంతు పోతే పెద్దాఫీసు నుంచి మిషను గొంతు పంపిస్తారు. అది మన వాళ్ళకి ఎక్కదు. ఆపరేషన్ లోపే అన్ని బండ్ల అనౌన్సుమెంట్లూ మీరే రికార్డు చేసి పెట్టండి. ఎప్పటికీ మీ గొంతే వినపడుతుంది" అన్నాడు. దాంతో ఆవిడ ప్రాణం లేచొచ్చింది. గొంతు ఎటూ నిలవకపోతే కనీసం ఎక్కడో ఒక చోట దాచిపెట్టొచ్చు కదా అనుకుంది.

పెద్దాఫీసు నుంచి సిస్టమ్స్ ఆయన కంప్యూటరు తెచ్చాడు. అన్ని డిపోలకూ ఆయనొక్కడే దిక్కు, ఎప్పుడూ హడావుడే. లినక్స్ అట, దాని మీద అక్షరాలన్నీ తెలుగులో వచ్చేట్టు పెట్టాడు. ఒక వైరు తెరకు గుచ్చాడు, ఇంకో వైరు గోడ కన్నంలోంచి కిందికి వదిలాడు. "ఇందులో రికార్డు చేస్తారు మేడమ్. ఫైల్‌ని కట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చెయ్యండి, కంప్యూటర్లో ఉంచితే నిండిపోతుంది. తర్వాత ఇక్కడ 'బయటికి తీయి' అని నొక్కి, పెన్‌డ్రైవ్ తీసెయ్యండి. పాటల పెట్టె ఒకటి తర్వాత పంపిస్తాం, అందులో గుచ్చితే మైకుల్లో మోగుతుంది. అంతే" అన్నాడు. ఆ "అంతే" అన్న మాట దగ్గరే ఆవిడకు భయమేసింది.

భయపడ్డట్టే అయింది. మర్నాడు కంప్యూటరు పెడితే తెర మీద అక్షరాలు ఒక్కొక్కటి ఇటుకంత ఉన్నాయి. సగం పేరు కనిపిస్తే సగం కనిపించదు. ఫోన్ చేస్తే, "అది గ్రాఫిక్స్ డ్రైవర్ మేడమ్, సరైన డ్రైవర్ లేదు దానికి" అన్నాడు సిస్టమ్స్ ఆయన.

"మన దగ్గర డ్రైవర్లకేం కొదవ సార్, ఎవర్ని పంపమంటారు?" అందావిడ, నిజంగానే అర్థం కాక.

ఆయన నవ్వి, ఫోన్లోనే ఏవేవో నొక్కించి, ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. అక్షరాలు చిన్నవయ్యాయి. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో చిత్రం మొదలైంది. మౌసు కుడివైపు జరిపితే తెర మీది బాణం అంచు దాటి పోతుంది. పోయి ఎక్కడికి వెళ్తుందో తెలీదు. ఎడమకు లాగగా లాగగా, తీరిక చేసుకుని వచ్చినట్టు మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి ఏదో నొక్కితే పెట్టె తెరుచుకున్నట్టు చప్పుడవుతుంది, కళ్ళముందు మాత్రం ఏమీ ఉండదు. ఆవిడ లేచి తెర పక్కన గోడ తడిమి చూసింది. గోడ గోడలాగే ఉంది.

"బాణం బయటికి పోతోంది సార్" అంది ఫోన్లో.

"బయటికంటే ఎక్కడికి మేడమ్?"

"అది తెలిస్తే మీకెందుకు చేస్తాను?"

"ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి" అన్నాడాయన. అన్నిటికీ అదే మందు. చేసింది. బాణం మళ్ళీ పోయింది. సరే, దాని తిప్పలు అది పడుతుందని వదిలేసి రికార్డింగ్ మొదలుపెట్టింది.

బండి బండికీ మధ్య దొరికిన సందులో, కిటికీ మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చెప్పేది. మిల్లు మీదుగా వెళ్ళేది, వంతెన దాటేది, రేవు దారిది. గొంతు బాగున్న పొద్దుటి పూటలన్నీ దానికే పోసింది. సాయంత్రానికి కట్ చెయ్యడం, పేస్ట్ చెయ్యడం. పచ్చగీత ఒక్క పరుగున ఈ చివర్నుంచి ఆ చివరికి నిండిపోయేది. "ఎంత చురుకో ఈ మిషను" అనుకునేది. 'బయటికి తీయి' నొక్కేది. నొక్కిన మరుక్షణం చెయ్యి దానంతటదే పోయి పెన్‌డ్రైవ్ పీకేసేది.

ఒక రోజు ఇలాగే మొదలుపెట్టి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని అందో లేదో, తలుపు తోసుకుని మొగుడు వచ్చాడు. ఆవిడ మరిచిపోయి వచ్చిన అన్నం డబ్బా చేతిలో ఉంది. తడి తువ్వాలు భుజాన ఉంది. డాక్టరమ్మ మాట్లాడొద్దన్న సంగతి ఆవిడకు ఆ క్షణంలో గుర్తే రాలేదు. ఆ నొప్పి కాళ్ళతో ఆ మెట్లెందుకెక్కారని మొదలుపెట్టి, తువ్వాలు దాకా వచ్చి, అక్కణ్ణుంచి పొయ్యి ఆర్పి వచ్చారా లేదా, బీపీ మాత్ర వేసుకున్నారా లేదా అని కడిగిపారేసింది. ఆయన నవ్వుతూ నిలబడి విన్నాడు. తిట్టడం అయ్యాక చూస్తే రికార్డింగ్ నడుస్తూనే ఉంది. నాలుక్కరుచుకుని ఆపింది. తర్వాత కోసెయ్యొచ్చులే అని దాన్నొక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి పేస్ట్ చేసి, 'బయటికి తీయి' నొక్కి, ఆయన్ని ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, బండెక్కించి వచ్చింది. పెన్‌డ్రైవ్ అప్పుడు తీసింది.

పాటల పెట్టె వచ్చింది. మేనేజరు గారు కూడా వచ్చి నిలబడ్డాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి మొదటిది నొక్కింది. పేరు కనిపించింది, పలుకు లేదు. రెండోది నొక్కింది. అదీ అంతే. పేర్లన్నీ వరసగా ఉన్నాయి, లోపల గాలి కూడా లేదు. గబగబా నొక్కుకుంటూ పోతే ఒక్కటి పలికింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. అయ్యో అయ్యో, ఆ కాళ్ళతో మెట్లెందుకెక్కారండీ..." అంటూ తిట్లు గది దద్దరిల్లేట్టు మోగాయి. పైన మైకులకు వైరు ఇంకా తగిలించలేదు కాబట్టి సరిపోయింది. ఆవిడ చెయ్యి ఎప్పుడు పోయిందో, పెన్‌డ్రైవ్ పిడికిట్లో ఉంది.

మేనేజరు గారు నవ్వాలో ఓదార్చాలో తెలియక కిటికీ వైపు చూశాడు. "ఇదేంటమ్మా, మిగతావి ఏమయ్యాయి?" అన్నాడు.

"నాకేం తెలుస్తుంది సార్? నా గొంతులో మంచిదంతా పారేసి, తిట్లు మాత్రం దాచుకుంది" అందావిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కట్ చేసింది కాబట్టి కంప్యూటర్లోనూ ఏమీ మిగల్లేదు. సిస్టమ్స్ ఆయన వచ్చి పెన్‌డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పి, "ఇది పాడైపోయింది మేడమ్" అని బల్ల మీద పడేసి కొత్తది ఇచ్చాడు. పాతది అక్కడ వదిలితే ఎవడి చేతిలోనన్నా పడి మళ్ళీ స్టేషనంతా తువ్వాలు కథ వింటుందని, ఆవిడ దాన్ని తన సంచిలో అడుగున దోపేసుకుంది.

కొత్తదానితోనూ అదే తంతు. ఒక పూటంతా కష్టపడి చెప్పింది, పేస్ట్ చేసింది, పీకింది, పెట్టెలో గుచ్చింది. మళ్ళీ పేర్లే. ఈసారి సిస్టమ్స్ ఆయన తనే కూర్చుని, "హలో హలో" అని నాలుగు సార్లు అని, పేస్ట్ చేసి, 'బయటికి తీయి' నొక్కి, ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే వాళ్ళతో తీరిగ్గా మాట్లాడి, ఆనక పెన్‌డ్రైవ్ తీసి పెట్టెలో పెట్టాడు. "హలో హలో" అని ఖణీమని మోగింది.

"చూశారా, పనిచేస్తోంది. మీరు 'బయటికి తీయి' నొక్కుతున్నారా?"

"మీరు చెప్పినట్టే నొక్కుతున్నాను సార్. ఒట్టు."

"మరి నాకెందుకు వస్తోంది, మీకెందుకు రావట్లేదు?" అని ఆయనే ఆవిణ్ణి అడిగాడు. ఇంకో డిపో నుంచి పిలుపొస్తే ఆయన వెళ్ళిపోయాడు.

ఆవిడకు మతిపోయింది. మనిషిని బట్టి పనిచేసే మిషను ఎక్కడైనా ఉంటుందా? తన చేతుల్లో ఏదైనా ఉందేమోనని కడుక్కుని, తుడుచుకుని, గాజులు తీసి పక్కన పెట్టి కూడా చూసింది. గొంతు బొంగురైపోయింది కాబట్టి మిషను దాన్ని గొంతుగా ఒప్పుకోవడం లేదేమోనని అనుమానం వచ్చింది. మరి తిట్లెలా ఎక్కాయి? ఆ గొంతు మాత్రం ఎవరిది? పోనీ తిట్టినట్టు చెప్తే ఎక్కుతుందేమోనని, వంతెన దారి బండిని ఒకసారి కోపంగా అనౌన్స్ చేసి చూసింది. అదీ ఎక్కలేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోతే, "ఏంటి మైకూ, నోరు నొప్పిగా ఉందా?" అని మొగుడు అడిగాడు. నొప్పి లేదని చెయ్యి ఊపింది.

చూస్తూ చూస్తూ ఉండగానే ఆపరేషన్ ముందు రోజు వచ్చేసింది. గొంతు అప్పటికే సగానికి సగం అరిగిపోయింది. మధ్యాహ్నం నుంచి కూర్చుని, మంచినీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ, అన్ని బండ్లూ మరోసారి చెప్పింది. ఇది పోతే ఇంకోసారి చెప్పడానికి గొంతు లేదు. ఈసారి కట్ చెయ్యకుండా ఉందామా అనుకుంది గానీ, అలా చేస్తే ఇంకేదైనా చెడుతుందేమోనని భయపడి, చెప్పినట్టే చెయ్యడానికి సిద్ధపడింది. మొదటి బండిని ఒక్కదాన్నే ముందు పంపి చూద్దామని పేస్ట్ చేసి, నొక్కి, పీకి, పెట్టెలో పెట్టింది. ఏమీ లేదు. ఆవిడ బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.

అప్పుడు చెక్కమెట్ల వైపు తలుపు కిర్రుమంది. కింద హాల్లో ప్రయాణికుల సామాన్లు దాచే గది చూసుకునే పెద్దాయన ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. స్టేషన్లో అందరికీ బాబాయి. ఆయన పగలంతా కూర్చునే కుర్చీ హాలు గోడకు ఎదురుగా ఉంటుంది.

"అమ్మాయ్, ఒక మాట అడుగుదామని వచ్చా. రోజూ ఆ టీవీలో నువ్వు అలా రాస్తున్నావు కదా, అది ఎవరికి చెప్తున్నట్టు?"

"ఏ టీవీ బాబాయ్?"

"హాల్లో కొత్తగా పెట్టారే, బండ్ల టైములు వస్తాయని. పగలంతా నీలంగా ఊరికే ఉంటుంది. అప్పుడప్పుడు ఒక బాణం వచ్చి తిరిగి పోతుంది. సాయంత్రం అయ్యేసరికి మాత్రం రాత వస్తుంది. 'పెన్‌డ్రైవ్‌లో ఇంకా రాస్తోంది, తీయకండి' అని. ఇప్పుడే వచ్చింది, వెంటనే పోయింది. పాసింజర్లు నన్నడుగుతున్నారు, ఏం తీయకూడదు, ఎవరు తీస్తున్నారు అని. టెస్టింగులే అని చెప్తున్నా. మీ సిస్టమ్స్ ఆయన వచ్చిన రోజు అది చాలాసేపు ఉండి, 'ఇప్పుడు తీయవచ్చు' అని కూడా వచ్చింది."

ఆవిడ తల ఎత్తి ఆయన్ని అలాగే చూసింది. గోడ కన్నంలోంచి కిందికి పోయిన వైరు వంక చూసింది. తన చేతి వంక చూసుకుంది. మొగుణ్ణి బండెక్కించడానికి వెళ్ళిన రోజు పెన్‌డ్రైవ్ ఎంతసేపు దాని చోట ఉందో, సిస్టమ్స్ ఆయన ఫోన్లో ఎంతసేపు కబుర్లు చెప్పాడో ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పచ్చగీత నిండినంత మాత్రాన రాయడం అయిపోలేదన్నమాట. నొక్కాక ఆగాలి. ఆగమని మిషను పాపం రోజూ మొత్తుకుంటూనే ఉంది, కాకపోతే తన ముందున్న తెర మీద కాకుండా, పక్క తెర అనుకుని కింద హాల్లో మొత్తుకుంది. పారిపోయిన బాణం కూడా అక్కడికే పోతోంది. ఇన్ని రోజుల నుంచీ ఊళ్ళోవాళ్ళంతా చదువుతున్న మాట తనొక్కతే చదవలేదు.

"బాబాయ్, ఎంత పని చేశావ్. ముందే చెప్పకపోయావా?" అంది ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

"నువ్వే రాస్తున్నావనుకున్నానమ్మా. రాసేదానివి నీకు నేను చెప్పేదేంటి?"

సిస్టమ్స్ ఆయనకు ఫోన్ చేస్తే, "అయ్యో, డ్రైవర్ వెయ్యగానే రెండో తెర కూడా లేచినట్టుంది మేడమ్. ఆ వైరు సంగతే మరిచిపోయాను. రెండు తెరల మీదా ఒకటే కనిపించేట్టు పెట్టొచ్చు, సెట్టింగుల్లోకి వెళ్ళండి" అని మొదలుపెట్టాడు. ఆవిడ వద్దంది. ఇప్పుడు దాన్ని కెలికితే ఇంకేం ఊడుతుందో, రేపు మీరొచ్చి చేసుకోండి అని పెట్టేసింది.

బాబాయి చెక్కమెట్ల మీద, టీవీ కనిపించే మలుపులో నిలబడ్డాడు. ఆవిడ మిగిలిన బండ్లన్నిటినీ పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసింది. మొదటిది పోయింది కాబట్టి దాన్ని అరిగిపోయిన గొంతుతోనే ఇంకోసారి చెప్పి అదీ కలిపింది. 'బయటికి తీయి' నొక్కింది. చెయ్యి లేచింది. ఇంకో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చిందమ్మా. ఇంకా రాస్తోందట, తీయకు" అని మెట్ల మీంచి కేకేశాడు బాబాయి. కాసేపాగి, "ఇంకా రాస్తోంది" అన్నాడు. హాల్లో ప్రయాణికులు కూడా తలలెత్తి చూస్తున్నారని చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆ హాలుకు బండ్ల సంగతి చెప్పిన మనిషి, ఇవాళ హాలు ఏం చెప్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చుంది. కిందనుంచి ఎవరో ఆడమనిషి, "తీయొద్దమ్మా, ఉండు" అనడం కూడా వినపడింది.

"ఇప్పుడు తీయవచ్చంట" అన్నాడు బాబాయి చివరికి. ఆవిడ పెన్‌డ్రైవ్ తీసి పెట్టెలో పెట్టింది. బొంగురు గొంతే, ఆయాసపడే గొంతే, కానీ ఒక్క బండి కూడా పోకుండా అన్నీ పలికాయి. పొద్దుటి పూటల మంచి గొంతు మాత్రం ఎప్పటికీ పోయింది, దానికి చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ ప్రమాదం లేనిదేనని తేలింది. కొన్నాళ్ళు మౌనం పాటించాక డాక్టరమ్మ మాట్లాడమంటే ఆవిడ నోరు తెరిచింది. సన్నగా, గాలి కలిసిన గొంతు వచ్చింది. స్పష్టంగానే ఉంది, ఎదురుగా ఉన్నవాళ్ళకు అర్థమవుతుంది. ఇంటికెళ్ళి, "ఏమండీ" అని పిలిచింది. ఆయన పేపరు చదువుకుంటూనే ఉన్నాడు. దగ్గరకెళ్ళి మళ్ళీ పిలిచింది. పెదాలు కదలడం చూసి ఆయన తలెత్తి, "బాగానే ఉన్నా" అన్నాడు. పక్కింటాయనకు చెప్పే జవాబే అది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కొద్ది రోజులు ఇల్లు అలాగే నడిచింది. చేతులతో సైగలు చేసుకోవడం, భుజం తట్టి పిలవడం. ఒకరోజు మాత్రల కోసం ఆయన ఆవిడ సంచి మంచం మీద గుమ్మరిస్తే అడుగునుంచి పెన్‌డ్రైవ్ పడింది. "స్టేషన్‌దా ఇది?" అని అడిగాడు. ఆవిడ గాభరాగా లాక్కోబోయింది. ఆ గాభరా చూశాక ఆయన ఇవ్వలేదు. కూతురు కొనిపెట్టిన పాటల స్పీకరు ఉంది, ఎంత పెంచినా తనకు ఏమీ వినపడదని మూల పెట్టిందే. దాన్ని తెచ్చి, పెన్‌డ్రైవ్ గుచ్చి, మీట చివరిదాకా తిప్పాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అంది స్పీకరు. ఆయన ఉలిక్కిపడి పెళ్ళాం మొహం వంక చూశాడు. ఆవిడ పెదాలు కదలడం లేదు. "అయ్యో అయ్యో, ఆ కాళ్ళతో మెట్లెందుకెక్కారండీ, పడితే ఎవరు లేపుతారు? ఆ తువ్వాలు చూడండి, నీళ్ళు కారుతున్నాయి, పరుపు మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? పొయ్యి ఆర్పారా? మాత్ర వేసుకున్నారా?"

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, పరుపు మీదున్న తువ్వాలు తీసుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేసి వచ్చాడు. మాత్ర వేసుకున్నాడు. ఈలోగా తిట్లు అయిపోయి స్పీకరు ఆగిపోయింది. ఆవిడ చెయ్యి, పాత అలవాటుకొద్దీ, పెన్‌డ్రైవ్ మీదికి పోయింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తీయకు మైకూ. ఇంకోసారి విననీ" అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.